పెద్ద బ్రేకర్ వేస్తే సరిపోతుందా?

ప్రశ్న: గ్యారేజీ గోడకు 5 కిలోవాట్ల ఫ్యాన్ హీటరును నేనే అమర్చుకున్నాను. దాని కోసం 25 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తనంతట తానే పడిపోయే బ్రేకర్) పెట్టి విడిగా లైను లాగాను. హీటరు బాగానే పనిచేస్తుంది కానీ, ఇరవై నిమిషాలో అరగంటో గడిచాక బ్రేకర్ పడిపోతుంది. కాసేపు ఆగి ఎత్తితే నిలుస్తుంది, మళ్లీ అదే తంతు. 40 ఆంపియర్ల బ్రేకర్ వేస్తే సమస్య తీరిపోతుందని తెలిసినవారొకరు చెబుతున్నారు. వేయవచ్చా?

జవాబు: వద్దు. దయచేసి ఆ ఆలోచన మానుకోండి. బ్రేకర్ ఉన్నది ప్రధానంగా గోడ వెంట వెళ్లే వైరును కాపాడటానికి. 25 ఆంపియర్ల లెక్కన వేసిన వైరుకు 40 ఆంపియర్ల బ్రేకర్ పెడితే, వైరు కాగి ఇన్సులేషన్ మెత్తబడుతున్నా అది పడదు.

బ్రేకర్ ఎంతసేపటికి పడుతోందన్నదే ఇక్కడ అసలు ఆధారం. ఎంసీబీలో రెండు ఏర్పాట్లు ఉంటాయి. షార్ట్ సర్క్యూట్ జరిగితే లోపలి అయస్కాంతపు చుట్ట మరుక్షణమే బ్రేకరును పడగొడుతుంది. ఓవర్‌లోడ్ అయితే రెండు లోహాలు అతికిన ఒక సన్నని పట్టీ మెల్లగా వేడెక్కి, వంగి, ఆ పని చేస్తుంది. మీది అరగంట పడుతోంది కాబట్టి అది ఈ పట్టీ పనే. అయితే ఆ పట్టీకి తెలిసింది వేడి ఒక్కటే. అది కరెంటు వల్ల వచ్చిందా, పక్కనున్న వదులు స్క్రూ నుంచి పాకిందా అన్న తేడా దానికి తెలియదు.

లెక్క చూడండి. 230 వోల్టుల దగ్గర 5,000 వాట్ల హీటరు దాదాపు 21.7 ఆంపియర్లు తీసుకుంటుంది. ఇది 25 కంటే తక్కువే కాబట్టి మామూలుగా బ్రేకర్ పడకూడదు. పడుతోందంటే బయటి వేడి ఏదో తోడవుతున్నట్టే, అందుకే ముందుగా స్క్రూలను అనుమానించమంటాను. బిగువు చాలని ఒక కనెక్షన్ దగ్గర 0.1 ఓము నిరోధం ఏర్పడినా, 20 ఆంపియర్లకు అక్కడే 40 వాట్ల వేడి పుడుతుంది. చిన్న సోల్డరింగ్ ఐరన్‌ను బ్రేకరుకు ఆనించి ఉంచినట్టన్నమాట!

మెయిన్ ఆపండి. మల్టీమీటరును ముందు కరెంటు ఉందని తెలిసిన చోట పెట్టి చూసి, తర్వాత మీరు ముట్టుకోబోయే టెర్మినల్ దగ్గర చూసి, మళ్లీ మొదటి చోట చూసి, కరెంటు లేదని రూఢి చేసుకున్నాకే చెయ్యి పెట్టండి. టెస్టర్ స్క్రూడ్రైవరును మాత్రం నమ్మవద్దు. బ్రేకర్ కింది స్క్రూ విప్పి వైరు కొసను వెలుతురులో పరిశీలించండి. తొడుగు అంచు గోధుమ రంగుకు తిరిగిందా, రాగి నల్లబడిందా, పోగులు కొన్ని తెగి బయటే ఉండిపోయాయా, స్క్రూ రాగిని కాక ప్లాస్టిక్ తొడుగును నొక్కి ఉందా అన్నవి చూడాలి. నల్లబడిన మేరకు కత్తిరించి, మెరిసే రాగి కనిపించేదాకా తొడుగు తీసి, పోగుల వైరయితే కొసకు లగ్ (పోగులను కలిపి పట్టే లోహపు తొడుగు) వేసి, తయారీదారు చెప్పిన బిగువుతో బిగించండి. హీటరు వైపు టెర్మినళ్ల దగ్గరా ఇదే పని చేయాలి. బ్రేకర్ ఒళ్లే మాడి ఉంటే అదే రేటింగుది కొత్తది వేయండి.

అంతా బిగువుగా ఉండి కూడా పడుతోందంటే, గంటల తరబడి నడిచే లోడుకు 25 ఆంపియర్ల బ్రేకర్ ఇరుకవుతోందని అర్థం. ఇలాంటి లోడును బ్రేకర్ సామర్థ్యంలో 80 శాతానికి, అంటే ఇక్కడ 20 ఆంపియర్లకు, మించనివ్వకపోవడం మంచి పద్ధతి. పెట్టెలో పక్క బ్రేకర్లు కూడా వేడెక్కుతుంటే ఇరుకు మరింత పెరుగుతుంది. అప్పుడు 32 ఆంపియర్ల బ్రేకర్ సరైనదే, కానీ అంతకు ముందే కేబుల్ దానికి తగినదై ఉండాలి. 6 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ అయితే సాధారణంగా నిశ్చింత. మీరు వేసింది 2.5 అయితే బ్రేకర్ సంగతి తర్వాత, ముందు కేబుల్ మార్చండి. ఇలాంటి వైరింగు లైసెన్సు ఉన్నవారే చేయాలన్న నిబంధన మీ ప్రాంతంలో ఉంటే ఈ పని వారికే అప్పగించాలి.

ప్రశ్న: నా హీటరు రెండేళ్లు పెట్టెలోనే ఉండిపోయింది. ఇప్పుడు బిగించి స్విచ్ వేయగానే ఎంసీబీ నిలుస్తోంది గానీ ఆర్‌సీసీబీ (కరెంటు లీకేజీని పసిగట్టే బ్రేకర్) పడిపోతోంది. ఎర్త్ వైరు తీసేస్తే పడటం లేదు. అలా వాడుకోవచ్చా?

జవాబు: ఎర్త్ వైరును ఈ రోజే తిరిగి కలపండి, అంతవరకు హీటరును ముట్టుకోవద్దు. ఆర్‌సీసీబీ వెళ్లిన కరెంటునూ తిరిగొచ్చిన కరెంటునూ పోల్చి చూస్తుంది. 30 మిల్లీఆంపియర్ల రకమైతే, తేడా ఆ అంకెకు చేరేలోగానే పడిపోతుంది. ఎర్త్ తీసేసినంత మాత్రాన లీకేజీ పోలేదు. హీటరు లోహపు ఒంటి మీద కాచుకుని ఉంది, దాన్ని తాకినవారి ఒంటి గుండా నేలకు దిగుతుంది.

గొట్టం రూపంలోని ఎలిమెంటులో తీగ చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ పొడి కూరి ఉంటుంది. అది తేమను పీల్చుకుంటుంది. ఏళ్ల తరబడి వాడని హీటర్లలో లీకేజీకి తరచుగా ఇదే కారణం. మెయిన్ ఆపి, హీటరు దగ్గర ఫేజ్, న్యూట్రల్ రెండూ విప్పి, కొసలను విడివిడిగా కనెక్టర్లలో మూసి, అప్పుడు లైను ఇవ్వండి. ఆర్‌సీసీబీ నిలిస్తే లోపం హీటరుదే అనుకోవచ్చు. అప్పుడూ పడితే కేబుల్లో ఎక్కడో న్యూట్రల్ ఎర్తును తాకుతోందేమో వెతకాలి. తేమ సంగతి మామూలు మల్టీమీటరుకు అందకపోవచ్చు. ఎలక్ట్రీషియన్ చేత 500 వోల్టుల మెగ్గరుతో (ఇన్సులేషన్ నిరోధం కొలిచే మీటరుతో) చూపించి, ఎలిమెంటును ఆరబెట్టించడమో మార్పించడమో చేయండి.

ప్రశ్న: ఫ్యాన్ తిరుగుతోంది, గాలి మాత్రం గోరువెచ్చగానే వస్తోంది. ఎలిమెంటు పోయిందా?

జవాబు: ఇంటికి 120, 240 వోల్టులు రెండూ వచ్చే దేశంలో మీరుంటే, ముందు వోల్టేజీ చూపించండి. 240 వోల్టుల హీటరుకు 120 అందితే వేడి సగం కాదు, నాలుగో వంతుకు పడిపోతుంది. 5,000 వాట్లది 1,250 వాట్లే ఇస్తుంది. వోల్టేజీ సరిగానే ఉంటే, మెయిన్ ఆపి, ఎలిమెంటు వైర్లు విప్పి నిరోధం కొలవండి. 240 వోల్టుల 5 కిలోవాట్ల హీటరుకు అది మొత్తంగా 11.5 ఓముల దగ్గర రావాలి. అంతకు బాగా ఎక్కువ చూపితే, ఉన్న రెండు మూడు ఎలిమెంట్లలో ఏదో ఒకటి తెగి ఉంటుంది.