లింక్ అయిపోయింది సరే, బఫర్ గతేమిటి?

సందేహం: సొలారిస్ 2.5.1 అనే పాత యూనిక్స్ మీద ఒక సీ ప్రోగ్రామ్ కంపైల్ చేస్తుంటే ‘ఎస్ఎన్‌ప్రింట్‌ఎఫ్’ (snprintf: బఫర్‌లో, అంటే మెమరీలో కేటాయించిన చోట, ఇచ్చిన సైజుకు మించకుండా రాసే ఫంక్షన్) దొరకలేదని లింకర్ (ప్రోగ్రామ్ ముక్కలను లైబ్రరీలతో కలిపే టూల్) ఆగిపోతోంది. ఆ పేరుతోనే, సైజును వదిలేసి, హద్దు చూడకుండా రాసే వీఎస్‌ప్రింట్‌ఎఫ్‌ను పిలిచే ఫంక్షన్ రాసి కలిపితే బిల్డ్ అయింది. ఇలాగే వాడుకోవచ్చా?

జవాబు: వద్దు. ఈ నాలుగు లైన్ల చిట్కా ఎన్నోసార్లు నా దగ్గరికి వచ్చింది, చూసినప్పుడల్లా చిరాకే. 64 బైట్ల బఫర్ ఇచ్చి ‘ఇంతకు మించి రాయకు’ అని అసలు ప్రోగ్రామర్ పెట్టుకున్న కాపలాను మీరు తీసేశారు. మీ పరీక్షల్లో పేర్లన్నీ పొట్టివి కాబట్టి ఏమీ తేడా కనిపించదు. నెట్‌వర్క్ నుంచి 300 అక్షరాల హోస్ట్ పేరు వచ్చిన రోజున స్టాక్ మీది రిటర్న్ అడ్రస్ (ఫంక్షన్ అయ్యాక ప్రోగ్రామ్ ఎక్కడికి తిరిగెళ్లాలో చెప్పేది) కూడా చెరిగిపోవచ్చు. ఆ ప్రోగ్రామ్ రూట్ (అడ్మిన్) హక్కులతో నడుస్తుంటే మెషీనే ఆ పేరు పంపినవాడి చేతిలో పడుతుంది.

టెంపరరీ ఫైళ్ల విషయంలోనూ ఇదే తంతు. పేరు ఎంచి ఫైలునూ తెరిచిచ్చే ఎంకేఎస్‌టెంప్ లేదని ఎంకేటెంప్ పెడతారు. అది పేరు మాత్రమే ఇస్తుంది. మీరు ఫైలు తెరిచేలోగా అదే పేరుతో ఇంకొకరు సింబాలిక్ లింక్ (వేరే ఫైలుకు దారి చూపే పేరు) పెట్టేయగలరు. తెరిచేటప్పుడు O_CREATతోపాటు, ఆ పేరు ముందే ఉంటే తెరవడాన్ని ఆపే O_EXCL కూడా ఇవ్వాలి.

ఇక సరైన దారి. ముందు ఆ ఫంక్షన్ నిజంగానే లేదా, వేరే లైబ్రరీలో ఉందా అన్నది లైబ్రరీలోని పేర్లు చూపే ‘ఎన్ఎం’తో వెతకండి. ఆ పాత సొలారిస్‌లో సాకెట్ (నెట్‌వర్క్) ఫంక్షన్లు సీ లైబ్రరీలో కాకుండా లిబ్‌సాకెట్, లిబ్‌ఎన్‌ఎస్ఎల్‌లలో ఉంటాయి. వాటిని లింక్ కమాండ్‌లో ఆబ్జెక్ట్ ఫైళ్ల తర్వాతే ఇవ్వాలి. వేరే మెషీన్‌లో కాన్ఫిగర్ (మెషీన్‌లో ఏమేం ఉన్నాయో తనిఖీ చేసే స్క్రిప్టు) నడిపిన డైరెక్టరీనే ఇక్కడికి తెచ్చుకుని ఉంటే పాత కాన్ఫిగ్ కాష్ (ఆ తనిఖీ ఫలితాల ఫైలు) తీసేసి మళ్లీ నడపండి.

ఎస్ఎన్‌ప్రింట్‌ఎఫ్ మాత్రం ఆ వెర్షన్‌లో లేదు. ఇలా లేని ఫంక్షన్లకు కోడ్ ఇచ్చే గ్నూలిబ్‌లో దానికి పూర్తి ప్రత్యామ్నాయం ఉంది, దాన్ని కలపండి. ప్రోటోటైప్ (ఫంక్షన్ ఏం తీసుకుని ఏమిస్తుందో చెప్పే డిక్లరేషన్) ఉన్న హెడర్ ఫైలు కూడా చేర్చండి. డిక్లరేషన్ లేకపోతే పాత కంపైలర్ ఏ ఫంక్షనైనా ఇంట్ (పూర్ణసంఖ్య) ఇస్తుందనే అనుకుంటుంది. పాయింటర్ (మెమరీ అడ్రస్) ఇచ్చే ఫంక్షన్‌కు అలా జరిగితే 64 బిట్ మెషీన్లలో పై 32 బిట్లు పోతాయి.

తర్వాత ఒక పరీక్ష. 8 బైట్ల బఫర్‌లో 10 అక్షరాలు రాయించండి. 7 అక్షరాలు, చివర సున్నా బైట్ ఉండాలి. తిరిగొచ్చే విలువ 10 కావాలి, అంటే చోటుంటే రాసి ఉండే మొత్తం అక్షరాలు. మైనస్ 1 వస్తే అది సీ99కి (1999 నాటి సీ ప్రమాణానికి) ముందు పద్ధతి. ఆ విలువను పాయింటర్‌కు కలిపే కోడ్ ఒక బైటు వెనక్కి వెళ్లి రాస్తుంది.

కొత్త మెషీన్ నుంచి సీ లైబ్రరీ ఫైలునే తెచ్చి పాతదాని మీద వేసేవాళ్లూ ఉన్నారు. ఆ తర్వాత ఫైళ్ల జాబితా చూపే ‘ఎల్‌ఎస్’ కూడా నడవదు.

అయినా తప్పంతా పాత మెషీన్లదే అనడం అన్యాయం. హద్దు చూసి స్ట్రింగ్ కాపీ చేసే ఎస్‌టీఆర్‌ఎల్‌సీపీవై 1998లో ఓపెన్‌బీఎస్‌డీ 2.4లో వచ్చింది, లినక్స్‌లో వాడే గ్నూ సీ లైబ్రరీలోకి రావడానికి 2023 దాకా పట్టింది. తన మెషీన్‌లో ఉన్న ఫంక్షన్ లోకమంతా ఉంటుందనుకుని, కాన్ఫిగర్‌లో ఒక్క తనిఖీ లైను రాయడానికి బద్ధకించే డెవలపర్ ఆ పాతికేళ్లూ సరికొత్త లినక్స్ మీద కూడా ఇదే ఎర్రర్ తెప్పించాడు.