మూడు మందులు వాడినా తమ్ముడికి ఫిట్స్ ఆగట్లేదు.. మెదడులో కరెంటు పెట్టే ఆపరేషన్ చేయించాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా తమ్ముడికి 27 ఏళ్లు. పదహారో ఏట నుంచి ఫిట్స్. కార్బమజెపిన్, లెవెటిరాసెటామ్, క్లోబజామ్ మూడూ వాడుతున్నా నెలకు నాలుగైదుసార్లు వస్తున్నాయి. కడుపులోంచి ఏదో పైకి తన్నుకొస్తోందంటాడు, అంతలోనే చూపు నిలిచిపోతుంది. పెదాలు చప్పరిస్తూ, కుడిచేత్తో చొక్కా గుండీ పట్టుకుని తిప్పుతూ ఉంటాడు. తర్వాత అడిగితే ఏమీ గుర్తుండదు. ఎప్పుడైనా పడిపోయి కాళ్లూ చేతులూ కొట్టుకుంటాడు. రెండేళ్ల వయసులో జ్వరంతో అరగంటసేపు ఫిట్స్ వచ్చాయని అమ్మ చెబుతుంది. మొదట్లో తీసిన స్కానింగ్ నార్మలే. మెదడులో వైర్లు పెట్టి కరెంటు ఇచ్చే ఆపరేషన్ వీడియో చూశాం. పొలం అమ్మైనా చేయిద్దామంటున్నారు నాన్న. తమ్ముడు రొయ్యల చెరువు దగ్గర పని చేస్తాడు, అక్కడి మోటార్లు, జనరేటర్ వల్ల ఆ మిషన్‌కి ఇబ్బందా? పెళ్లి చేయొచ్చా?
- ఒక అక్క

జవాబు: అమ్మా, పొలం అప్పుడే బేరం పెట్టొద్దని ముందు నాన్నగారికి చెప్పండి. మీరడిగిన ఆపరేషన్ మంచిదే, కానీ మీ తమ్ముడి విషయంలో దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది, అది తేలకుండా వైర్ల దాకా వెళ్లడం తొందరపాటు.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది కడుపులోంచి పైకి రావడం, పెదాల చప్పరింపు, గుండీ తిప్పడం, వీటన్నిటికీ వెనక చిన్నతనంలో జ్వరంతో అరగంట వచ్చిన ఫిట్స్. ఇవన్నీ కలిస్తే మొదట అనుమానించేది కణత వెనక ఉండే టెంపోరల్ లోబ్‌ని. అక్కడ జ్ఞాపకశక్తికి సంబంధించిన హిప్పోక్యాంపస్ అనే చిన్న భాగం ఎండిపోయి మచ్చకట్టి, అందులోంచే ఫిట్స్ పుడుతుంటాయి చాలామందిలో. మామూలు స్కానింగ్‌లో అది దొరక్కపోవచ్చు. పదేళ్ల కిందటి ఆ నార్మల్ రిపోర్టుని పట్టుకుని కూర్చోకండి. 3 టెస్లా అనే ఎక్కువ శక్తి ఉన్న మిషన్ మీద, ఎపిలెప్సీ (మూర్ఛ) కేసుల కోసం ప్రత్యేకంగా ఉన్న పద్ధతిలో, సన్నటి ముక్కలుగా మళ్లీ ఎంఆర్ఐ తీయాలి, తీశాక దాన్ని ఫిట్స్ కేసులు రోజూ చూసే రేడియాలజిస్టే చదవాలి. దాంతోపాటు వీడియో ఈఈజీ. అంటే తలకి వైర్లు అంటించి, కెమెరా ముందు కొన్ని రోజులు వార్డులో ఉంచి, డాక్టర్ల కళ్లముందే మందులు తగ్గించి, ఫిట్ వచ్చేటప్పుడు అది ఏ వైపు మొదలవుతోందో పట్టుకోవడం.

రెండు పరీక్షలూ ఒకే చోటు చూపిస్తే, ఆ భాగం తీసేసే ఆపరేషన్ ఉంది. 2001లో వచ్చిన కెనడా అధ్యయనంలో మందులకి లొంగని టెంపోరల్ లోబ్ ఫిట్స్ ఉన్న 80 మందిని లాటరీ పద్ధతిలో రెండు జట్లు చేశారు, ఆపరేషన్ జట్టులో ఏడాది తర్వాత 58 శాతం మందికి స్పృహ తప్పే ఫిట్స్ లేవు, మందులే వాడిన జట్టులో 8 శాతం మందికి. పూర్తిగా ఆగిపోయే అవకాశం ఇంత ఉన్నప్పుడు, తగ్గించడం వరకే చేసే పరికరం వైపు ముందే ఎందుకు వెళ్లాలి?

ఇన్నేళ్లు ఎందుకు ఆలస్యమైందని మీరు బాధపడతారని తెలుసు. మన దగ్గర ఇది మామూలే, ఒక మందు పనిచేయకపోతే ఇంకోటి, దాని మీద ఇంకోటి, అలా ఏళ్లు గడిచిపోతాయి. సరైన మందులు రెండు సరైన డోసులో వాడినా ఫిట్స్ ఆగకపోతే మందులకి లొంగని మూర్ఛ అనాలని అంతర్జాతీయ ఎపిలెప్సీ సంఘం 2010లోనే చెప్పింది. స్కాట్లండ్‌లో కొత్తగా చికిత్స మొదలుపెట్టినవాళ్లని గమనిస్తే, వందలో 47 మందికి మొదటి మందుతోనే ఆగాయి, ఇంకో 13 మందికి రెండోదానితో, మూడో మందు దాకా, లేదా రెండు మందులు కలిపి వాడే దాకా వెళ్తే లాభపడింది నలుగురే. మీ తమ్ముడు ఈ మెట్లన్నీ దాటేశాడు.

అయితే ఒకమాట నిజం చెప్పించండి. చెరువు కాపలాకి రాత్రంతా మేలుకుంటున్నాడా? పడుకునేముందు వేసుకోవాల్సిన ట్యాబ్లెట్ తెల్లారి వేసుకుంటున్నాడా? ఒళ్లు నొప్పులకి ఊళ్లో ట్రమడాల్ ఇంజెక్షన్ చేయించుకుంటున్నాడా? మద్యం తాగుతున్నాడా? ఇవన్నీ ఫిట్స్‌ని పెంచుతాయి. కోప్పడకుండా అడగండి, అప్పుడే చెబుతాడు.

ఇక డీబీఎస్, అంటే డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్. మెదడు లోతుల్లో థాలమస్ అనే భాగం ఉంటుంది. ఫిట్స్ తాలూకు అలజడి మెదడంతా పాకే దారుల్లో దాని ముందు భాగం ఒకటి, మన డెల్టా కాలువలకి లాకులున్నట్టు. రెండు వైపులా అక్కడికి సన్నని తీగలు దించి, మెడ చర్మం కింద నుంచి వైరు తెచ్చి, కాలర్ ఎముక కింద చిన్న బ్యాటరీ డబ్బా అమరుస్తారు. అమెరికాలో 110 మంది మీద చేసిన అధ్యయనంలో నిమిషం కరెంటు, ఐదు నిమిషాలు విరామం, ఇలా నడిపారు. 2010లో ఫలితాలు వచ్చాయి. మొదటి మూడు నెలల చివరికి కరెంటు ఇచ్చినవాళ్లలో ఫిట్స్ సుమారు 40 శాతం తగ్గాయి, తీగలు పెట్టి కరెంటు ఇవ్వనివాళ్లలో 15 శాతంలోపే. ఐదేళ్లు గడిచేసరికి తగ్గుదల 69 శాతానికి చేరింది. ఆ ఐదేళ్లలో వరసగా ఆరు నెలలైనా ఫిట్ లేకుండా గడిపినవాళ్లు దాదాపు ఆరుగురిలో ఒకరు. మూర్ఛకి దీన్ని వాడటానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో అనుమతిచ్చింది. పెట్టిన మర్నాడే ఆగిపోతాయనుకోకూడదు, నెలల మీద, ఏళ్ల మీద తగ్గుతూ వస్తాయి, మందులూ నడుస్తూనే ఉండాలి.

ఇబ్బందులూ చెప్పాలి. తీగలు దించేటప్పుడు రక్తస్రావం జరిగే ప్రమాదం కొద్దిగా ఉంటుంది. డబ్బా పెట్టినచోట చీము పట్టొచ్చు, కొందరికి దాన్ని తీసేయాల్సి వస్తుంది. గాయం పూర్తిగా మానేదాకా చెరువు నీళ్లు తగలకూడదు. ఆ అధ్యయనంలో కరెంటు అందుకున్నవాళ్లలో దిగులు, మతిమరుపు ఎక్కువ కనిపించాయి, కాబట్టి తమ్ముడి మనసు ఎలా ఉందో ముందే చూపించాలి. రీచార్జి లేని బ్యాటరీ కొన్నేళ్లకి మార్చాలి, ఆ ఖర్చు కూడా ఇప్పుడే లెక్కలో వేసుకోండి. ఫిట్స్ రెండు వైపుల నుంచీ పుడుతున్నా, తీస్తే మాటో జ్ఞాపకమో దెబ్బతినే చోటు నుంచి వస్తున్నా, అప్పుడు డీబీఎస్ గురించి నేనే మీకు గట్టిగా చెబుతాను.

ఈ పరికరం పెట్టించుకున్నా, చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ మోటార్లతో సాధారణంగా భయం లేదు. పెద్ద జనరేటర్‌కి, వెల్డింగ్ పనికి మాత్రం దూరంగా ఉండాలి. నొప్పులకి ఫిజియోథెరపీలో డయాథెర్మీ వేడి అసలు పెట్టించకూడదు, అది ప్రాణాంతకం. ఎంఆర్ఐ తీయాల్సొస్తే పరికరం ఉందని ముందే చెప్పాలి.

కానీ అమ్మా, నాకు జనరేటర్ కంటే చెరువే భయం. థర్మాకోల్ తెప్ప మీద నిలబడి ఒక చేత్తో తాడు లాక్కుంటూ ఇంకో చేత్తో మేత చల్లేటప్పుడు ఆ చూపు నిలిచిపోతే? నడుం లోతు నీళ్లు చాలు. ఈరోజు నుంచే తెప్ప మాన్పించండి. గట్టు మీద పని కూడా పక్కన మనిషి ఉంటేనే. కాలువ స్నానం వద్దు, ఇంట్లో చెంబుతో, తలుపు గడియ పెట్టకుండా. బండి నడపడం, కొబ్బరిచెట్టెక్కడం ఆపేయాలి. ఫిట్ వస్తే తాళాల గుత్తి చేతిలో పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం చేయకండి, పక్కకి తిప్పి పడుకోబెట్టండి, ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి.

పెళ్లికి అడ్డేమీ లేదు, దాచకుండా చెప్పి చేయండి. హిందూ వివాహ చట్టంలో ఒకప్పుడు మూర్ఛని పెళ్లికి అడ్డుగా రాశారు, 1999లో ఆ మాట తీసేశారు. నా సలహా అయితే, పరీక్షలయ్యాక సంబంధాలు చూడండి.

కాకినాడ ప్రభుత్వ పెద్దాస్పత్రి (జీజీహెచ్) న్యూరాలజీలో చూపించి, ఎపిలెప్సీ సర్జరీ చేసే చోటికి రిఫరల్ రాయించుకోండి. హైదరాబాద్ నిమ్స్, బెంగళూరు నిమ్‌హాన్స్, తిరువనంతపురం శ్రీచిత్ర ఉన్నాయి. ప్రభుత్వ పథకంలో ఏది వస్తుందో ఆస్పత్రిలో ఆ పథకం చూసే సిబ్బంది దగ్గర ముందే అడిగి రాయించుకోండి. వెళ్లేటప్పుడు పాత స్కాన్ ఫిల్ములు, ఇన్నేళ్లలో వాడిన మందుల చీటీలు, ఫిట్స్ వచ్చిన తేదీలు రాసిన నోట్‌బుక్ తీసుకెళ్లండి. ఈలోగా ఒక్క ఫిట్‌నైనా మొదటి నుంచి చివరిదాకా, ముఖం, రెండు చేతులూ కనబడేలా ఫోన్‌లో వీడియో తీయండి, తీస్తూ పేరు పెట్టి పిలవండి, పలుకుతున్నాడో లేదో అందులో తెలుస్తుంది.