పగలు పెరిగేది డిసెంబరులో, పండగ జనవరిలోనా?

ప్రశ్న: అమ్మగారూ, మాది తెనాలి. పెళ్లయ్యాక చెన్నై వేళచ్చేరిలో ఉంటున్నాం. డిసెంబరు 21 తర్వాత పగలు పెరుగుతుందని ఎనిమిదేళ్ల మా పాపకి బళ్లో చెప్పారట. "మరి ఉత్తరాయణం జనవరిలో అంటావేంటమ్మా?" అని నిలదీసింది. నేనేమీ చెప్పలేకపోయాను. పైగా క్రిస్మస్‌కి గుమ్మానికి స్టార్ కట్టమంటోంది. మా అత్తగారు వద్దంటున్నారు. మన పండగ పిల్లకి దూరమైపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: పాప అడిగింది చాలా మంచి ప్రశ్నమ్మా. బళ్లో చెప్పింది నిజమే. సూర్యుడు ఉత్తరానికి మళ్లేది డిసెంబరు 21 లేదా 22న. మన సంక్రాంతి నక్షత్రాల లెక్క, సూర్యుడు మకరరాశిలోకి వచ్చే రోజు. భూమి తన చుట్టూ తాను తిరుగుతూనే బొంగరంలా తల కూడా మెల్లగా తిప్పుతుంది. ఆ తల ఒక చుట్టు తిరగడానికి దాదాపు 26,000 ఏళ్లు. అందుకే ఈ రెండు రోజులకీ మధ్య సుమారు 72 ఏళ్లకొక రోజు చొప్పున ఎడం పెరిగింది. దాదాపు 1,700 ఏళ్ల కిందట రెండూ కలిసే వచ్చేవి. ఒక బొంగరం కొని, వేగం తగ్గేటప్పుడు దాని తల ఎలా ఊగుతుందో పాపకి చూపించు. చటుక్కున అర్థమైపోతుంది.

స్టార్ కట్టనివ్వు. ముప్ఫై ఏళ్లుగా మైలాపూర్‌లో ఉంటున్నాను. శాంతోమ్ వైపున్న ఒకరింటి నుంచి ఏటా ప్లమ్ కేక్ వస్తుంది, మా ఇంటి నుంచి అరిసెలు వెళ్తాయి. మా పిల్లలు ఆ కేకూ తిన్నారు, భోగిపళ్లూ పోయించుకున్నారు.

కొన్నేళ్ల కిందట మా పై వాటాలో ఇరాన్ నుంచి చదువుకోడానికి వచ్చిన అమ్మాయి ఉండేది. డిసెంబరులో ఆ పొడవైన రాత్రిని వాళ్లు 'యల్దా' అంటారు. ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర అందరూ చేరి, దానిమ్మా పుచ్చకాయా తింటూ, వాళ్ల పాతకాలపు పారశీక కవి హాఫిజ్ కవితలు చదువుకుంటూ మేలుకుంటారట. ఎర్రటి పళ్లే ఎందుకని అడిగితే, తెల్లవారే ఆకాశం రంగు కదా అంది. నాకు ఒళ్లు పులకరించింది. మనం పిల్లల తల మీద పోసే రేగిపండును పెద్దలు అర్కఫలం అంటారు. అర్కుడంటే సూర్యుడే కదమ్మా! దక్షిణ చైనాలో అదే రోజుల్లో బియ్యప్పిండి ఉండలు తీపి నీళ్లలో ఉడికించుకుని తింటారు. మన ఉండ్రాళ్ల పాయసానికి దగ్గరి చుట్టమే. ఇవి పాపకి కథలుగా చెప్పు, మీ అత్తగారినీ పక్కన కూర్చోబెట్టుకో.

పండగ దూరమయ్యేది స్టార్ వల్ల కాదు, ఇంట్లో పని చేయనివ్వకపోతే. భోగి ముందు కోయంబేడు బజారుకి పాపని తీసుకెళ్లు. చెరకు గడలు, పసుపు మొక్కలు తనే ఏరుకోనీ. రేగిపళ్లు ఇక్కడ 'ఇలందైపళం' అంటే ఇస్తారు. చిల్లర, చెరకు ముక్కలు, బంతిపూల రేకులు తన చేత్తోనే కలపనీ.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. భోగి మంటలో టైర్లు, ప్లాస్టిక్ వేయకండి. ఆ తెల్లవారుజామున చెన్నైలో పొగా మంచూ కలిసి ఊపిరి ఆడదు, విమానాలు ఆగిపోయిన ఏళ్లూ ఉన్నాయి. నాలుగు పిడకలు, కాసిని ఎండు కట్టెలు చాలు.

ప్రశ్న: అపార్ట్‌మెంట్‌లో గొబ్బెమ్మలు పెట్టాలని ఉంది. ఆవు పేడ ఎక్కడ దొరుకుతుంది?
– మరో పాఠకురాలు, పెరంబూర్

జవాబు: తిరువల్లిక్కేణి, మైలాపూర్ సందుల్లో ఆవుల్ని కట్టుకున్న ఇళ్లు ఇంకా ఉన్నాయి. తెల్లవారుజామున పాలు పితికే వేళకి వెళ్లి అడుగు. చిన్నవి మూడు చేసి, గుమ్మం ముందు ముగ్గులో పళ్లెం పెట్టి అందులో ఉంచు. గుమ్మడిపువ్వు దొరక్కపోతే బంతిపువ్వు పెట్టమ్మా.