వద్దన్న ఫోన్ ఏడిస్తే వస్తోందా?

ప్రశ్న: మా బాబుకు మూడున్నరేళ్లు. ఫోన్ తీసుకుంటే నేల మీద పడి దొర్లుతాడు, చేతికందింది విసిరేస్తాడు, నన్ను కొడతాడు. రెండుసార్లు కొరికాడు కూడా. ఇరవై నిమిషాలు ఓర్చుకుని, ఇక భరించలేక ఇచ్చేస్తాను. ఒక దెబ్బ వేస్తే దారికొస్తాడని మావారు అంటారు, వేస్తారు కూడా. మా అత్తగారేమో వెంటనే ఎత్తుకుని, ‘మీ అమ్మను కొట్టేద్దాంలే’ అంటూ ఊరుకోబెడతారు. ప్రీస్కూల్లో మాత్రం చాలా బుద్ధిగా ఉంటాడట. ఇంట్లోనే ఎందుకిలా? – ఒక తల్లి

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికన్నా పనికొచ్చే మాట చివర్లో ఉంది. ప్రీస్కూల్లో బుద్ధిగా ఉంటున్నాడంటే, తనను తాను ఆపుకోవడం కొంతైనా వాడికి చేతనవుతోందన్నమాట. అక్కడ ఏడ్చినా బొమ్మ రాదు, వంతు వచ్చినప్పుడే వస్తుంది. ఇంట్లో లెక్క వేరు. రోజంతా బిగబట్టుకున్నది అమ్మ కనబడగానే వదిలేయడం కూడా కొంత ఉంటుంది. పేచీలు ఎక్కువగా సాయంత్రాల్లోనే వస్తుంటే అదీ ఒక కారణమే.

ఇంట్లో వాడు ఏం నేర్చుకుంటున్నాడో చూడండి. ఫోన్ అడిగాడు, వద్దన్నారు. ఏడ్చాడు, మళ్లీ వద్దన్నారు. దొర్లాడు, విసిరాడు, కొట్టాడు. ఇరవై నిమిషాలకు ఇచ్చారు. ఇరవై నిమిషాలు ఏడిస్తే వస్తుందని వాడికి తెలిసింది. రేపు మీరు అరగంట నిలబడి ఆ తర్వాత ఇస్తే, అరగంట ఏడవాలని తెలుసుకుంటాడు. రెండు రోజులు ఇవ్వకుండా మూడో రోజు ఇవ్వడం ఇంకా కష్టం తెస్తుంది. ప్రతిసారీ ఫలితమిచ్చే అలవాటు కన్నా ఎప్పుడో ఒకసారి ఇచ్చే అలవాటే గట్టిగా పాతుకుపోతుందని మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ ప్రయోగాల్లో తేలింది. ఇందులో మీకు దక్కేదీ ఒకటుంది. ఇవ్వగానే ఇల్లు నిశ్శబ్దమవుతుంది. ఆ నిశ్శబ్దమే మర్నాడు మళ్లీ మీ చేత ఇప్పిస్తుంది. తల్లీబిడ్డలు తెలియకుండానే ఒకరికొకరు నేర్పుకునే ఈ తీరును జెరాల్డ్ ప్యాటర్సన్ అనే పరిశోధకుడు ఎన్నో కుటుంబాల్లో గమనించి వివరించాడు. వాడు మొండివాడనో, మీకు పెంచడం రాదనో అనుకోవాల్సిన పని లేదు.

కాబట్టి ముందు ‘వద్దు’లు తగ్గించండి. ఆ మాట నోట్లోంచి రాకముందే, వీడు ఎంత ఏడ్చినా నిలబడగలనా అని ఒక్క క్షణం ఆలోచించుకోండి. ఒంట్లో బాగోలేదు, ఈ పూట నా వల్ల కాదు అనిపిస్తే అడగ్గానే ఇచ్చేయండి. అడిగితే వచ్చిందని నేర్చుకుంటే నష్టం లేదు, ఏడిస్తే వచ్చిందని నేర్చుకుంటేనే చిక్కు. ఒకసారి వద్దన్నాక మాత్రం అది వద్దే.

ఫోన్‌కు వేళ పెట్టండి. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు తెర ముందు కూర్చునే సమయం రోజుకు గంట మించకూడదని, ఎంత తక్కువైతే అంత మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మీరు అరగంట ఇవ్వాలనుకుంటే రోజూ ఒకే వేళకు ఇవ్వండి. ఒక వీడియో అయ్యాక మరొకటి దానంతట అదే మొదలయ్యే సెట్టింగ్ ఆపేయండి, చాలా పేచీలకు మూలం అదే. ‘ఇంకో ఐదు నిమిషాలు’ అంటే మూడున్నరేళ్ల పిల్లాడికి అర్థం కాదు, ‘ఈ వీడియో అయిపోగానే ఆపేద్దాం’ అంటే అవుతుంది. మధ్యలో లాక్కోకండి. ఆపే బటన్ వాడి వేలితోనే నొక్కించండి. చేతులతో చేసే పని, బంకమట్టో బ్లాకులో నీళ్లాటో, అప్పటికే పక్కన సిద్ధంగా ఉండాలి.

అయినా పేచీ వస్తుంది. వచ్చాక ఏం జరుగుతుందో తెలిసుంటే మీకు భయం తగ్గుతుంది. అరవడం, తన్నడం, విసరడం లాంటి కోపమంతా మొదట్లోనే ఒక్కసారిగా పైకి లేచి త్వరగా దిగుతుంది. వెక్కిళ్లు, ‘అమ్మా’ అని చేతులు చాపడం లాంటి దుఃఖం చివరికి మిగులుతుంది. చిన్నపిల్లల పేచీల్లో ఎక్కువ భాగం ఐదు నిమిషాల్లోపే ముగుస్తాయి. ఆ కోపం నడుస్తున్నంతసేపు మీరు చెప్పే నీతులు, అడిగే ప్రశ్నలు మంటలో నెయ్యి పోసినట్టే. విసరగల వస్తువులు పక్కకు తీసి, నాలుగడుగుల దూరంలో కూర్చోండి. ‘ఫోన్ ఆపేశామని కోపంగా ఉంది కదా. నేనిక్కడే ఉన్నా’ అని ఒక్కసారి అనండి. ఆ తర్వాత మాటల్లేవు, కళ్లలోకి చూడటం లేదు. కోపం తగ్గి వెక్కిళ్ల దశకు రాగానే దగ్గరకు తీసుకోండి. దగ్గరకు తీస్తే గారాబం చేసినట్టు కాదు, ఫోన్ ఇస్తేనే చేసినట్టు.

కొట్టడం, కొరకడం మాత్రం చూసీ చూడనట్టు వదిలేయకూడదు. చెయ్యి లేవగానే మణికట్టు దగ్గర పట్టుకుని, ‘కొట్టనివ్వను’ అని మామూలు గొంతుతో చెప్పి, వాడి చేతికందనంత వెనక్కి జరగండి. నవ్వొచ్చినా నవ్వకండి. దొంగేడుపు కూడా ఏడవకండి, ఆ వయసులో అది తమాషాగా ఉంటుంది. కొరికి పట్టుకుంటే చెయ్యి లాక్కోవద్దు, చర్మం చీరుతుంది. చేతిని మెల్లగా నోటి వైపే నొక్కితే పళ్లు విడుస్తాడు. గాటు పడితే సబ్బుతో కడగండి. నొప్పి తెలియాలని తిరిగి కొరకమని సలహా ఇచ్చేవాళ్లుంటారు, వినకండి.

ఎంత ఆపినా కొడుతూనే ఉంటే విడిగా కూర్చోబెట్టండి. వయసును బట్టి ఏడాదికి ఒక నిమిషం, అంటే మీవాడికి మూడు నిమిషాలు. గోడ వారగా, మీకు కనబడే చోట, బొమ్మలేవీ లేకుండా ఒక కుర్చీ చాలు. చీకటి గది, గడియ పెట్టడం, బూచాడికి పట్టిస్తాననడం కూడదు. సమయం అయ్యేసరికి ఇంకా అరుస్తుంటే, కొన్ని క్షణాలు నెమ్మదించేదాకా ఆగి లేపండి. లేచాక ఉపన్యాసం ఇవ్వొద్దు, క్షమాపణ కోసం పట్టుబట్టొద్దు. బొమ్మలు సర్దమన్నప్పుడు కొట్టాడనుకోండి, లేచాక ఆ బొమ్మలు సర్దాలి, అంతే. లేకపోతే కొట్టి పని తప్పించుకోవచ్చని నేర్చుకుంటాడు.

ఇక్కడే చాలా ఇళ్లలో ప్రయత్నం విఫలమవుతుంది. ఏడుపుకు ఫోన్ రావడం ఆగిపోగానే పేచీ తగ్గదు, ముందు పెరుగుతుంది. ఇన్నాళ్లూ పనిచేసింది ఇప్పుడెందుకు పనిచేయడం లేదని ఇంకా గట్టిగా అరుస్తాడు, కొత్తగా ఏదో పగలగొడతాడు. ‘ఇది పనికిరాదు, ఇంకా చెడిపోతున్నాడు’ అని నాలుగో రోజు వదిలేస్తే, ఆ పెద్ద అరుపుకే బహుమతి ఇచ్చినట్టవుతుంది. అందుకే చుట్టాలు వచ్చే వారంలోనో, వాడికి జ్వరం ఉన్నప్పుడో మొదలుపెట్టకండి.

దీనికి ముందు ముగ్గురు పెద్దలూ మాట్లాడుకోవాలి. మీవారు దెబ్బను నమ్మడానికి కారణం ఉంది, దెబ్బ పడగానే ఏడుపు గొంతులోనే ఆగుతుంది. ఆగింది భయం వల్ల. కోపం వచ్చినప్పుడు ఏం చేయాలో వాడికి తెలియలేదు, పెద్దవాళ్లు ఏం చేస్తారో మాత్రం తెలిసింది. కొట్టినందుకు కొట్టి, కొట్టకూడదని చెప్పడం ఆ వయసుకు అందే తర్కం కాదు. దెబ్బలు తినే పిల్లల్లో దూకుడు కాలక్రమంలో పెరుగుతుందే గానీ తగ్గదని, కొట్టడాన్ని పూర్తిగా మానాలని అమెరికన్ పిల్లల వైద్యుల అకాడమీ 2018లో తల్లిదండ్రులకు స్పష్టంగా చెప్పింది. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అంటూ దెబ్బను సమర్థించేవాళ్లకు ఒక్క మాట: ఆ సామెతలో వంచడమే ఉంది, విరవడం లేదు.

బాబు పేచీ సాగుతున్నప్పుడు అత్తగారితో వాదనకు దిగకండి. ఇల్లు ప్రశాంతంగా ఉన్నప్పుడు, వీలైతే మీవారి చేత, చెప్పించండి. ‘అమ్మను కొట్టేద్దాం’ అన్న మాటే వాడు అక్షరాలా చేసి చూపిస్తున్నాడని తెలిస్తే ఆవిడే మానేస్తారు. వద్దు అనడమే కాదు, ఆవిడకో పని అప్పగించండి: ఏడుపు తగ్గాక మంచినీళ్లు ఇచ్చి కథ చెప్పేది నాన్నమ్మే. ఊరుకోబెట్టే గౌరవం ఆవిడకే ఉంటుంది, ఫోన్ మాత్రం ఉండదు.

ఇదంతా సగం పనే. రోజూ ఐదు నిమిషాలు, ఫోన్ పక్కన పడేసి, వాడు ఎంచుకున్న ఆట వాడు చెప్పినట్టు ఆడండి. షీలా ఐబర్గ్ అనే మనస్తత్వవేత్త రెండు నుంచి ఏడేళ్ల పిల్లల కోసం తీర్చిదిద్దిన చికిత్సలో ప్రధాన భాగం ఇదే. ఆ ఐదు నిమిషాల్లో ప్రశ్నలు వేయకూడదు, ఇలా చెయ్ అనకూడదు, తప్పు దిద్దకూడదు. ‘ఎర్ర బ్లాకు పైన పెట్టావు’ అని చేసింది చేసినట్టు చెప్పాలి, మంచిపని చేస్తే అదేమిటో పేరు పెట్టి మెచ్చుకోవాలి. ‘గుడ్ బాయ్’ అంటే ఎందుకన్నారో వాడికి తెలియదు. ‘అడగ్గానే ఫోన్ ఇచ్చేశావు, భలే’ అంటే తెలుస్తుంది. అల్లరి చేశాడని ఈ ఆట ఎప్పుడూ రద్దు చేయకండి. రోజంతా దగ్గరితనం లేని ఇంట్లో మూడు నిమిషాలు విడిగా కూర్చోబెట్టినా వాడు కోల్పోయేదేమీ ఉండదు.

పని చెప్పేటప్పుడు ‘సర్దుతావా?’ అని అడగకండి, వద్దనే హక్కు ఇచ్చినట్టవుతుంది. దగ్గరకెళ్లి, ‘బ్లాకులు ఈ డబ్బాలో వెయ్యి’ అని ఒక్క పనే చెప్పి, ఐదు వరకు మనసులో లెక్కపెట్టండి. నిద్ర కూడా చూసుకోండి. ఈ వయసుకు పగటి కునుకుతో కలిపి పది నుంచి పదమూడు గంటలు కావాలి.

ఒక పుస్తకంలో రోజూ నాలుగు సంగతులు రాయండి: పేచీ ఎప్పుడొచ్చింది, దానికి ముందు ఏం జరిగింది, ఎంతసేపు సాగింది, చివరికి వాడికేం దక్కింది. మూడు వారాలైనా తగ్గకపోతే ముందు చివరి గడి చదవండి, ఎవరో ఒకరు ఇస్తూనే ఉంటారు. ఎవరూ ఇవ్వకపోయినా పేచీలు తరచూ ఇరవై ఐదు నిమిషాలు దాటుతుంటే, రోజుకు ఐదుకు మించి చాలా రోజులు వస్తుంటే, తల నేలకేసి కొట్టుకుంటుంటే, ఎంతసేపైనా తనంతట తాను నెమ్మదించలేకపోతుంటే పిల్లల డాక్టర్‌కు చూపించండి. మూడు నాలుగు మాటలు కలిపి మాట్లాడలేకపోయినా, బయటివాళ్లకు మాట అర్థం కాకపోయినా వినికిడి పరీక్ష చేయించండి. చెప్పలేనిది చేత్తో చెప్పే పిల్లలుంటారు. ఏడుస్తూ ఊపిరి బిగబట్టి నీలంగా మారితే, అది చాలావరకు ప్రమాదం లేనిదే అయినా, మొదటిసారే డాక్టర్‌కు చూపించాలి. ఒంట్లో ఐరన్ తక్కువగా ఉందేమో రక్తపరీక్షతో చూస్తారు. వెళ్లేటప్పుడు ఆ పుస్తకం పట్టుకెళ్లండి.