వీలునామా మీద వాదులాట: మెటల్ శ్రోతల ప్రశ్నలు, మా జవాబులు

2024లో వచ్చిన రెండు ఆల్బమ్‌లు, ఓపెత్ బ్యాండు ‘ద లాస్ట్ విల్ అండ్ టెస్టమెంట్’, బ్లడ్ ఇన్‌కాంటేషన్ బ్యాండు ‘యాబ్సల్యూట్ ఎల్స్‌వేర్’, విశాఖ హెవీ మెటల్ సంగీత శ్రోతలను ఇంకా రెండు జట్లుగానే ఉంచాయి. వాటి గురించీ, వినే పద్ధతి గురించీ వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం.

ఓపెత్ అంటే మా బ్యాచ్‌కి ప్రాణం. గ్రౌల్, అదే ఆ గాండ్రింపు గొంతు, తిరిగొచ్చిందంటే ఎగిరి గంతేశాం. తీరా వింటే ఏ పాటా కుదురుగా ఒకచోట నిలవదు. మధ్యలో ఎవరో దస్తావేజు చదువుతున్నట్టు మాటలు, ఆపైన ఫ్లూటు. సగం మంది అద్భుతం అంటున్నారు, సగం మంది అతుకుల బొంత అంటున్నారు. ఎవరి మాట నిజమండీ? (ఒక పాఠకుడు, గాజువాక)

దస్తావేజు చదువుతున్నట్టు ఉందంటే మీరు సరిగ్గానే విన్నారు. అది వీలునామానే. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతి కాలం. ఒక సంపన్నుడు చనిపోయాడు. పిల్లల్ని కూర్చోబెట్టి ఆయన రాసిపోయిన కాగితం చదువుతున్నారు. మొదటి ఏడు పాటలకి పేర్లు లేవు, పేరా గుర్తు పక్కన 1 నుంచి 7 దాకా అంకెలే ఉంటాయి. ఎనిమిదోదానికి మాత్రమే పేరుంది, ఎందుకంటే అది వీలునామాలో భాగం కాదు, చదవడం అయిపోయాక బయటపడే సంగతి. ఆస్తి ఎవరికి దక్కింది, ఎవరు ఎవరి బిడ్డ అన్న ముడి అక్కడే విడుతుంది కాబట్టి కథ ఇక్కడ చెప్పేయడం లేదు.

ఈ సంగతి తెలియకుండా వింటే అతుకుల బొంతలాగే ఉంటుంది. ఒకే మనిషి రాసిన మాటలు ఒకచోట గ్రౌల్‌లో, ఒకచోట మామూలు గొంతులో, మరోచోట జెత్రో టల్ బ్యాండు గాయకుడు ఇయాన్ యాండర్సన్ వాచకంలో వినబడతాయి. నాలుగో పాటలో ఫ్లూటు కూడా ఆయనదే. గొంతు మారినచోటల్లా తండ్రి మనసు మారుతోందని పట్టుకుంటే పాట ఎందుకు అన్ని మలుపులు తిరుగుతోందో తెలుస్తుంది.

మీ బ్యాచ్ నిరాశకి ఇంకో కారణం ఉంది. 2008లో వచ్చిన ‘వాటర్‌షెడ్’ తర్వాత, 2011 ‘హెరిటేజ్’ నుంచి వరుసగా నాలుగు ఆల్బమ్‌లు ఓపెత్ గాయకుడు మికాయెల్ ఓకర్‌ఫెల్ట్ గ్రౌల్ లేకుండానే పాడాడు. ఆ నాలుగూ వదిలేసి 2008 నుంచి నేరుగా 2024కి దూకినవాళ్లకి ఇది వింతగానే ఉంటుంది. ఆ ఏళ్లలో బ్యాండు పట్టుకున్న డెబ్భైల నాటి ప్రోగ్రెసివ్ రాక్ ఇందులో ఎక్కడికీ పోలేదు, దాని మీదకే గ్రౌల్ వచ్చి చేరింది. ముందు 2019 నాటి ‘ఇన్ కాడా వెనీనమ్’ ఒకసారి విని, తర్వాత దీని దగ్గరికి రండి.

ఇక వినే వరుస. మొదటిసారి లిరిక్స్ ముట్టుకోకుండా మొదటి నుంచి చివరి దాకా ఒకే విడతలో వినండి, మొత్తం 50 నిమిషాల పైచిలుకు. రెండోసారి లిరిక్స్ చేతిలో పెట్టుకోండి. గ్రౌల్‌లో పదాలు చెవికి అందకపోవడం మామూలే, కంటితో చదువుతూ వింటే రెండు మూడు పాటల్లోనే చెవి అలవాటు పడుతుంది. మూడోసారి గొంతుని పక్కన పెట్టి డ్రమ్స్, బేస్ మాత్రమే వెంబడించండి. ఆ తర్వాత కొన్నాళ్లు వదిలేయండి. వదిలేసిన రోజుల్లో ఏ ముక్క తనంతట తనే నోటికొస్తోందో చూసుకుని అప్పుడు మాట్లాడితే ఆ మాటకి బరువుంటుంది.

మా అభిప్రాయం అడిగితే, ఆల్బమ్ గొప్పది, కానీ లోపం లేనిది కాదు. రిఫ్ (గిటారు మళ్లీ మళ్లీ వాయించే వరుస) ఊపందుకుంటున్నప్పుడు వాచకం అడ్డొచ్చే చోట్లు ఉన్నాయి. కథ తెలిసినవాళ్లకి కూడా అక్కడ పట్టు జారుతుంది. ‘అతుకుల బొంత’ అన్న మీ స్నేహితుణ్ణి ఏ పాటలో, ఏ నిమిషం దగ్గర అని అడగండి. ఫలానా చోట అని చెప్పగలిగితే అతని మాట వినాల్సిందే.

‘యాబ్సల్యూట్ ఎల్స్‌వేర్’ వింటుంటే పాట మధ్యలో చిన్న తెగుడు వస్తోంది. ఒక్కోసారి రెండు భాగాలు ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తున్నాయి. రికార్డింగే అంతా? (ఎం.వి.పి. కాలనీ)

రికార్డింగ్‌లో ఏ తెగుడూ లేదు. ఆ ఆల్బమ్‌లో ఉన్నవి నిజానికి రెండే రచనలు, ఒక్కోటి 20 నిమిషాల పైనే. ఒక్కోదాన్ని మూడేసి ‘టాబ్లెట్’లుగా విడగొట్టారు కాబట్టి యాప్‌లో ఆరు ట్రాకులు కనిపిస్తాయి. సంగీతం మాత్రం ఎక్కడా ఆగదు. డెత్ మెటల్ నుంచి సింథసైజర్‌లోకి జారే చోట్లే దీనికి ఆయువుపట్టు. బెర్లిన్ హన్సా స్టూడియోలో రికార్డు చేసి, టాంజరిన్ డ్రీమ్ అనే సింథ్ బ్యాండు నుంచి థోర్‌స్టెన్ క్వేష్‌నింగ్‌ని పిలిచి మరీ సింథ్ వాయించుకున్నది అందుకే. ఆ జారుడు దగ్గరే తెగితే ఇక విన్నట్టు కాదు.

యాప్‌లో ప్లేబ్యాక్ సెట్టింగులు తెరవండి. క్రాస్‌ఫేడ్ (పాటలని ఒకదానిలోకి ఒకటి కలిపేది) సున్నాకి తెచ్చి, ఆటోమిక్స్ ఆపేసి, గ్యాప్‌లెస్ (మధ్యలో ఖాళీ లేకుండా వినిపించేది) ఆన్ చెయ్యండి. ఒకదాని మీద ఒకటి ఎక్కడం దీంతో పోతుంది. షఫుల్ కూడా తీసెయ్యండి. షఫుల్ వల్ల పోయేది వరుస ఒక్కటే కాదు. స్పాటిఫైలో ఆల్బమ్‌ని వరుసగా వింటే సౌండు సమం చేసే లెక్క ఆల్బమ్ మొత్తానికి కలిపి పడుతుంది, మెల్లని పాట మెల్లగానే ఉంటుంది. షఫుల్‌లో ప్రతి ట్రాకుకీ విడిగా లెక్క పడి మెల్లనిది, మోతది ఒకే ఎత్తుకి వచ్చేస్తాయి.

ఫోన్లోకి ఎక్కించుకున్న ఎం.పి.3 ఫైళ్లయితే తప్పు ఫార్మాట్‌ది. ఎం.పి.3 సౌండుని 1152 శాంపిళ్ల (సౌండు కొలతల) ముక్కలుగా కోస్తుంది, అంటే సుమారు 26 మిల్లీసెకన్ల ముక్కలు. పాట ముక్కల లెక్కకి సరిపోకపోతే చివర నిశ్శబ్దం నింపుతుంది, ఎన్‌కోడర్ మొదట్లో కూడా కొంత కలుపుతుంది. ఆ నిశ్శబ్దాన్ని వదిలేసి చదవడం రాని ప్లేయర్ దొరికితే అదే మీరు చెప్పిన తెగుడు. ఫ్లాక్ (సౌండు ఏమీ పోకుండా దాచే) ఫైళ్లతో ఈ గొడవ లేదు. అన్నీ చేశాక కూడా మెల్లగా మొదలయ్యే భాగాల మొదటి అర సెకను మింగేస్తుంటే మీ బ్లూటూత్ స్పీకర్‌ని అనుమానించండి. చౌక రకాలు నిశ్శబ్దం రాగానే నిద్రలోకి పోతాయి. ఒకసారి వైరుతో విని చూడండి.

కొత్త మెటల్ ఆల్బమ్‌లలో బేస్ గిటార్ నాకు అసలు వినబడదు. బేస్ బూస్ట్ పెడితే అంతా బురద బురద అయిపోతోంది. (సీతమ్మధార)

బేస్ గిటార్ అడుగు తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. మామూలు గిటార్ అడుగు తీగ 82. ఎనిమిది తీగల గిటార్‌లో అయితే అది 46కి దిగిపోతుంది. అంటే గిటారు వచ్చి బేస్ ఇంట్లోనే కూర్చుంది. దీనికి తోడు డబుల్ కిక్ (రెండు కాళ్లతో కొట్టే పెద్ద డ్రమ్ము) దెబ్బ 60 నుంచి 100 మధ్య. బేస్ బూస్ట్ వీటన్నిటినీ కలిపి పెంచుతుంది కాబట్టి మీకు బురద తప్పదు.

ముందు బూస్ట్, సరౌండ్ లాంటివన్నీ ఆపేసి ఈక్వలైజర్ సమంగా పెట్టండి. ఇయర్‌బడ్ చెవిలో పెట్టుకుని వేలితో మెల్లగా లోపలికి నొక్కండి. ఒక్కసారిగా బేస్ పెరిగితే రబ్బరు టిప్ మీకు చిన్నదన్నమాట, ఒక సైజు పెద్దది వెయ్యండి. ఒక్క పైసా ఖర్చు లేకుండా సగం మంది సమస్య ఇక్కడే తీరిపోతుంది. ఆ తర్వాత 200 నుంచి 300 హెర్ట్జ్ మధ్య 2 లేదా 3 డెసిబెల్స్ తగ్గించండి. పెంచకండి. పెంచితే సిగ్నల్ పైకప్పుకి తగిలి చిట్లుతుంది. బేస్‌ని వెతకాల్సింది అడుగున కాదు. ప్లెక్ట్రమ్ (తీగ మీటే బిళ్ల) తీగకి తగిలే ‘టక్’ 1 నుంచి 3 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది, దాన్ని పట్టుకుంటే మిగతా స్వరాన్ని చెవే వెంబడిస్తుంది.

కొన్నిసార్లు తప్పు ఆల్బమ్‌దే, అది కూడా చెప్పాలి. మెటాలికా 1988 ఆల్బమ్ ‘అండ్ జస్టిస్ ఫర్ ఆల్’లో బేస్‌ని మిక్స్‌లోనే తొక్కేశారు, మీ చెవులు ఏం చేసినా రాదు. అదే బ్యాండు 2008 ‘డెత్ మాగ్నెటిక్’లో మెల్లనిదానికీ మోతకీ తేడా పోయేలా సౌండుని ఎంత నొక్కారంటే వేలమంది శ్రోతలు మళ్లీ మిక్స్ చెయ్యమని సంతకాలు పెట్టారు. వీడియో గేమ్‌లో వచ్చిన అవే పాటలు అంత నొక్కుడు లేకుండా వినబడటంతోనే గుట్టు బయటపడింది. అనుమానం ఉంటే ఆడాసిటీ అనే సౌండు ఎడిటర్‌లో ఫైలు తెరిచి చూడండి. తరంగం కొండలూ లోయలూ లేకుండా ఇటుకలా చదునుగా ఉంటే ఈక్వలైజర్‌తో కుస్తీ పట్టకండి.

మృదంగం నేర్చుకుంటున్నాను. మెషుగ్గా బ్యాండు వింటే తాళం వేయలేకపోతున్నాను. అసలు లెక్క ఉందా? (పెందుర్తి)

ఉంది, మీకు అందరికంటే త్వరగా అందాలి. గిటార్‌కి తాళం వేస్తున్నారు, అదే చిక్కు. డ్రమ్మరు కొట్టే సింబల్‌కి (కంచు పళ్లానికి) వెయ్యండి, అది చాలా పాటల్లో నిక్కచ్చిగా నాలుగు దెబ్బల ఆవృతమే.

1998 ‘కేయాస్‌ఫియర్’లో ‘న్యూ మిలేనియం సయనైడ్ క్రైస్ట్’ మొదటి రిఫ్ తీసుకోండి. గిటార్, డబుల్ కిక్ కలిసి 23 అక్షరాల వరుస వాయిస్తాయి. పైన సింబల్ ఆవృతానికి 16 అక్షరాలు. 23 వరుసని ఐదుసార్లు వాయిస్తే 115. ఎనిమిది ఆవృతాలు నిండాలంటే 128 కావాలి. ఆ మిగిలిన 13 కోసం ఆరోసారి వరుసని 13 దగ్గర తెంపి సమం (ఆవృతం మొదటి దెబ్బ) మీదకి దిగుతారు. ముక్తాయి లెక్క కట్టడం వచ్చినవాళ్లకి ఇది కొత్త విద్య కాదు. ముందు రిఫ్ వినకుండా కాలితో నాలుగు నిలబెట్టండి, మూడో దెబ్బ మీద స్నేర్ (గట్టిగా టప్‌మనే చిన్న డ్రమ్ము) పడుతుందో లేదో చూసుకోండి. అది నిలిచాకే 23 నోటితో చెప్పండి. ఏడు, అయిదు మాత్రల రిఫ్‌లు మీకు ఇంకా తేలిక, మిశ్ర చాపు, ఖండ చాపు వేసేయండి.

మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. తలుపేసుకుని ఆ పాటల్లోలా గాండ్రిస్తున్నాడు. గొంతు పాడవదా అండీ? (ఒక తల్లి, అక్కయ్యపాలెం)

అరిస్తే పాడవుతుందమ్మా, పద్ధతిగా చేస్తే ఆ భయం చాలా తక్కువ. గ్రౌల్ అరుపు కాదు. స్వరతంత్రులకి పైన ఇంకో జత మడతలు ఉంటాయి, ఎక్కువమంది గాయకులు వాటిని కదిలించి ఆ గరగర తెస్తారు. బయటికి పెద్దగా వినిపించేది మైకు వల్లే. దగ్గర నిలబడి వింటే మాట్లాడే సౌండుకి కాస్త ఎక్కువ, అంతే. మీ అబ్బాయిది వీధిలోకి వినబడుతోందంటే బలవంతంగా చేస్తున్నాడని అర్థం. రోజుకి 10, 15 నిమిషాలకి మించనివ్వకండి, మధ్యమధ్య నీళ్లు తాగమనండి. గొంతులో మంట, నొప్పి అనిపిస్తే అప్పుడే ఆపాలి. మర్నాటికి బొంగురు తగ్గకపోతే తగ్గేదాకా మౌనం. రెండు మూడు వారాలైనా బొంగురు అలాగే ఉంటే ఈఎన్‌టీ డాక్టరుకి చూపించండి.

ఫ్యాన్ లేకుండా ఇక్కడ కూర్చోలేం, ఫ్యాన్ వేస్తే మెల్లని భాగాలు వినబడవు. సౌండు పెంచితే మోత భాగం రాగానే కింది ఫ్లాటు వాళ్లు పైకొస్తున్నారు. (మధురవాడ)

గదిని ముందు ఫ్యాన్ గానీ ఏసీ గానీ వేసి చల్లబరిచి, వినేటప్పుడు ఫ్యాన్‌ని ఒకటిలోకి దించండి. స్పీకర్లని నేల మీద, గోడకి ఆనించి పెట్టకండి. కింది ఫ్లాటుకి చేరేది ఎక్కువగా స్లాబ్‌లోకి దిగే అదురే. మందపాటి రబ్బరు లేదా ఫోమ్ ముక్క మీద, గోడకి 30 నుంచి 50 సెంటీమీటర్ల దూరంలో ఉంచండి. రెండు స్పీకర్లకి మధ్య ఎంత దూరమో మీకూ వాటికీ అంతే దూరం, ట్వీటర్ (సన్నని సౌండు వచ్చే చిన్న భాగం) చెవి ఎత్తులో. గదిలో చప్పట్లు కొడితే ‘టింగ్’మని మోగితే అది టైల్స్, ఖాళీ గోడల పని. ముందర ఒక బొంత పరిచి, వెనక గోడకి దుస్తుల బీరువా గానీ పుస్తకాల అర గానీ ఉంచితే డబుల్ కిక్ దెబ్బలు విడివిడిగా తెలుస్తాయి.

రాత్రి పూట హెడ్‌ఫోన్సే దారి. అక్కడ హద్దు గుర్తుంచుకోండి: 85 డెసిబెల్స్ దగ్గర రోజుకి 8 గంటలు, ఆపైన 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా సమయం సగం. 94 దగ్గర గంట, 100 దగ్గర 15 నిమిషాలే. ఆల్బమ్ అయ్యాక చెవుల్లో ‘గుయ్’ మంటే హద్దు దాటినట్టే, మర్నాడు విశ్రాంతి ఇవ్వండి. ఒక చెవి హఠాత్తుగా వినబడటం మానేస్తే మాత్రం రోజులు లెక్కపెట్టకుండా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

హెడ్‌ఫోన్ పిన్ తిప్పితే తప్ప ఒక పక్క రావడం లేదు. కొని ఎన్నాళ్లో కాలేదు. (లాసన్స్ బే కాలనీ)

సముద్రపు గాలి చేసిన పని. పిన్ మీద ఆకుపచ్చటి పొర ఉందేమో చూడండి. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దూదికి అద్ది పిన్ తుడవండి. ఆంప్లిఫయర్ సాకెట్‌కి కాంటాక్ట్ క్లీనర్ ఒక్క చిన్న చిమ్ము చిమ్మి, పవర్ ఆపే ఉంచి పిన్‌ని పదిసార్లు పెట్టి తియ్యండి. అరగంట ఆరనిచ్చి ఆన్ చెయ్యండి. తలుపుల బందులకి కొట్టే నూనె స్ప్రే వాడకండి, అది దుమ్ముని పట్టేస్తుంది. వాడనప్పుడు మూతున్న డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి, వానాకాలంలో పొట్లాలు నెలకోసారి మార్చండి. ఇంత చేసినా గరగర పోకపోతే లోపల సోల్డర్ వదిలిందని అర్థం. పిన్ మార్పించుకోవడం పెద్ద ఖర్చు కాదు, హెడ్‌ఫోన్స్ పారెయ్యకండి.