అవార్డు ఇవ్వండి, కానీ పిల్లల కష్టాలు మైకులో చదవకండి

ప్రశ్న: స్వచ్ఛంద సంస్థలు సభలు పెట్టి పిల్లలకు అవార్డులు ఇస్తుంటాయి కదా, వాటివల్ల పిల్లలకు నిజంగా ఉపయోగం ఉంటుందా?

తప్పకుండా ఉంటుంది. గుంటూరులో ఒక సంస్థకు ఆరేళ్లు వాలంటీరుగా పనిచేశాను. అయితే షీల్డు కంటే, దాన్ని ఇచ్చేటప్పుడు తమ గురించి ఏం చెప్పారన్నదే పిల్లలకు గుర్తుండిపోతుంది.

ఒకసారి నవంబరు 14 సభలో ఒకమ్మాయిని పిలిచాం. ఏడో తరగతిలో బడి మానేసి, తల్లితో పాటు మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లిన పిల్ల. మళ్లీ బడిలో చేరి పది పాసైంది. యాంకర్ మైకులో వాళ్ల నాన్న తాగుడు, ఇంటి అప్పులు, అద్దె కట్టలేక ఇల్లు ఖాళీ చేయడం, అన్నీ చదివేశాడు. రెండో వరసలో ఆ పిల్ల క్లాసువాళ్లు కూర్చుని ఉన్నారు. తలెత్తకుండానే షీల్డు అందుకుంది. ఆ కాగితం రాసింది నేనే. దాతల మనసు కరగాలని రాశాను.

మెట్లు దిగి నేరుగా నా దగ్గరికే వచ్చింది. "లెక్కల్లో నాకు 91 వచ్చాయి సార్. అది చదవలేదేం?" అంది. నా దగ్గర సమాధానం లేదు.

1957 అక్టోబరు 2న ఢిల్లీ రాంలీలా మైదానంలో నెహ్రూ ఉన్న షామియానాకు నిప్పంటుకుంటే, హరీశ్ చంద్ర మెహ్రా అనే 14 ఏళ్ల స్కౌట్ కత్తితో ఆ గుడ్డ కోసి జనానికి దారి చేశాడు. భారత బాలల సంక్షేమ మండలి సాహస బాలల అవార్డులు మొదలుపెట్టింది ఆ సంఘటనతోనే. ఆ కథలో మనం చెప్పుకునేది కుర్రాడు చేసిన పని. వాళ్లింట్లో ఏం లోటుందో ఎవరూ చెప్పరు.

ఇంకో బాధ కూడా ఉంది. ముఖ్య అతిథి కోసం స్వాగత నృత్యం పిల్లలు మేకప్‌తో మూడింటి నుంచి ఆరింటి దాకా కూర్చోవాలి. మంచినీళ్లు తాగితే రంగు పోతుందని తాగనివ్వరు. షీల్డు మీద దాత పేరు పెద్దక్షరాల్లో, పిల్ల పేరు కింద చిన్నగా. సర్టిఫికెట్లో పేరు పది మెమోలో ఉన్నట్టు ఉండదు. ఇవి సరిచేయడానికి డబ్బేం అక్కర్లేదు, ముందురోజు ఒకరు కూర్చుని చూసుకుంటే చాలు.

మరుసటి ఏడాది, స్టేజీ మీద ఏం చదవాలో పిల్లల్నే అడిగి రాశాను. ఒకబ్బాయి, "మా తమ్ముడికి సైకిల్ నేర్పానని చదవండి సార్" అన్నాడు. అలాగే చదివించాం. వెనక వరసలో వాడి తమ్ముడు కుర్చీ ఎక్కి నిలబడి చప్పట్లు కొట్టాడు.