‘ముందు ఆ పథకం ఎవరు పెట్టారో చెప్పండి’

ఒకే ప్రభుత్వ నిర్ణయం సర్వేల్లో ఒక పార్టీ వాళ్లకు అద్భుతంగా, ఇంకో పార్టీ వాళ్లకు ఘోరంగా ఎందుకు కనిపిస్తుంది, ఆ లెక్కల్ని ఎంతవరకు నమ్మాలి అని మీరు అడిగారు. ఇదే విషయం మీద మీ నాన్నగారితో రోజూ గొడవ అవుతోందని కూడా రాశారు. నేను నాలుగేళ్లు ఒక సర్వే సంస్థలో ఫోన్ చేసి ప్రశ్నలడిగే పని చేశాను. ఆ అనుభవంతో, ఆ తర్వాత ఈ విషయం మీద చదివినదానితో జవాబు రాస్తున్నాను. కొంచెం పొడుగ్గానే ఉంటుంది.

మా పనిలో మొదటి నియమం, కాగితం మీద ఎలా ఉందో ప్రశ్న అలాగే చదవాలి. ఒక్క మాట కలపకూడదు, తీసేయకూడదు. ఏదైనా పథకం గురించి అడగ్గానే అవతలి నుంచి చాలాసార్లు ఒకటే ఎదురు ప్రశ్న వచ్చేది: "ముందు అది ఎవరు పెట్టారో చెప్పండి." మేం చెప్పకూడదు. "మీకు తెలిసినంతలో, మీకేమనిపిస్తుందో చెప్పండి సార్" అనాలి, అంతే. "అది తెలియకుండా ఎలా చెప్తానమ్మా?" అని కోప్పడి ఫోన్ పెట్టేసినవాళ్లు ఉన్నారు. మొదట్లో వాళ్లమీద నాకు చిరాకు వచ్చేది. పథకం గురించి అడిగితే పథకం గురించి చెప్పాలి కదా అనుకునేదాన్ని.

ఇప్పుడు అలా అనుకోను. ఉద్యోగం, పిల్లలు, అప్పులు ఇన్ని ఉన్న మనిషి వందల పేజీల బిల్లు చదవలేడు. తన మేలు కోరుతుందని నమ్మిన పార్టీ దాన్ని సమర్థిస్తోందా లేదా అని చూసుకోవడం తెలివితక్కువతనం కాదు. ఆ ఆధారం పనికొస్తుంది కూడా. చిక్కెక్కడంటే, ఆ ఆధారం దొరకగానే మనం పథకంలో ఏముందో చూడటం మానేస్తాం, పైగా చూశామనే అనుకుంటాం.

దీన్ని జెఫ్రీ కోహెన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 2003లో ప్రచురించిన పరిశోధనలో స్పష్టంగా చూపించారు. పేదలకు ప్రభుత్వం ఇచ్చే సాయం మీద రెండు రకాల పథకాలు రాసి విద్యార్థులకు చూపించారు. ఒకదాంట్లో సాయం చాలా ఉదారంగా ఉంటుంది, రెండోదాంట్లో చాలా తక్కువ. పార్టీ పేరు చెప్పనప్పుడు మనం ఊహించినట్టే జరిగింది. ఉదారవాదులు (అమెరికాలో ఎక్కువగా డెమోక్రాట్లు) మొదటిదాన్ని, సంప్రదాయవాదులు (ఎక్కువగా రిపబ్లికన్లు) రెండోదాన్ని ఇష్టపడ్డారు. "దీన్ని మీ పార్టీ సభ్యుల్లో ఎక్కువమంది సమర్థించారు" అని చెప్పగానే మాత్రం పథకంలో ఏముందన్నది దాదాపు లెక్కలోకి రాలేదు. ఇటువాళ్లూ అటువాళ్లూ తమ పార్టీ పేరు ఎటుంటే అటే వెళ్లారు. ఎందుకలా నిర్ణయించుకున్నారని అడిగితే, పథకం వివరాలు చూసి, తమ ఆలోచనా ధోరణిని బట్టి నిర్ణయించుకున్నామన్నారు. పార్టీ ప్రభావం తమకంటే ఎదుటివాళ్ల మీదే ఎక్కువ ఉంటుందన్నారు.

ఇది చదివినప్పుడు నాకు నా కాగితం గుర్తొచ్చింది. ఉద్యోగంలో చేరిన వారం శిక్షణలో భాగంగా మా ప్రశ్నావళిని మాచేతే నింపించారు. అందులో ప్రభుత్వ రంగ సంస్థల్లో వాటాలు అమ్మడం గురించి ఒక ప్రశ్న ఉంది. "గట్టిగా వ్యతిరేకిస్తాను" అని టిక్ పెట్టాను. రెండేళ్ల తర్వాత కొత్తవాళ్లకు నేనే శిక్షణ ఇస్తూ, వాళ్లతోపాటు మళ్లీ నింపాను. ఈసారి "కొంతవరకు సమర్థిస్తాను". పాత కాగితం ఫైల్లో కనిపించినప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాను. ఆ రెండేళ్లలో నేను ఆ విషయం మీద కొత్తగా చదివింది లేదు. మారింది ప్రభుత్వం. మొదటిసారి అమ్మింది నాకు నచ్చని పార్టీ, రెండోసారి నేను ఓటేసిన పార్టీ. అయినా రెండుసార్లూ నా దగ్గర కారణాలున్నాయి, రెండుసార్లూ మనస్ఫూర్తిగానే టిక్ పెట్టాను. నన్ను బాగా కలవరపెట్టింది ఆ మనస్ఫూర్తిగా అన్న మాటే.

పార్టీలే మాట మార్చినప్పుడు ఇది ఇంకా బాగా బయటపడుతుంది. జీఎస్టీని తీసుకోండి. 2010 ఏప్రిల్ 1 నుంచి తెస్తామని 2006 బడ్జెట్ ప్రసంగంలో చెప్పింది కాంగ్రెస్ ఆర్థిక మంత్రి చిదంబరం. అందుకు రాజ్యాంగ సవరణ బిల్లు పెట్టింది 2011లో, యూపీఏ హయాంలోనే. అప్పుడు గట్టిగా అభ్యంతరం చెప్పిన రాష్ట్రాల్లో బీజేపీ పాలనలో ఉన్న గుజరాత్ ఒకటి. 2017 జులై 1న దాన్ని అమల్లోకి తెచ్చింది బీజేపీ ప్రభుత్వం. ఆ అర్ధరాత్రి పార్లమెంటు కార్యక్రమాన్ని బహిష్కరించింది కాంగ్రెస్. రేట్లు, శ్లాబుల మీద రెండు వైపులా నిజమైన అభ్యంతరాలు ఉన్నాయి, వాటిని కొట్టిపారేయడం లేదు. కానీ వాళ్ల అభిమానుల్లో ఎంతమంది ఆ శ్లాబులు చూసి జవాబు మార్చుకున్నారు? అమెరికాలోనూ ఇంతే. ఆరోగ్య బీమా అందరూ తప్పనిసరిగా తీసుకోవాలన్న ఆలోచనను 1989లో ముందుకు తెచ్చినవాటిలో సంప్రదాయవాద సంస్థ హెరిటేజ్ ఫౌండేషన్ ఉంది. 2006లో మసాచుసెట్స్‌లో దాన్ని అమలుచేసింది రిపబ్లికన్ గవర్నర్ మిట్ రోమ్నీ. 2010లో అదే నిబంధన డెమోక్రాట్ అధ్యక్షుడు ఒబామా చట్టంలోకి వచ్చేసరికి రిపబ్లికన్లకు అది స్వేచ్ఛను హరించే నిబంధన అయింది.

పేరు కూడా చాలా చేస్తుంది. ఆ చట్టం అసలు పేరు అఫర్డబుల్ కేర్ యాక్ట్, జనం నోట్లో ఒబామాకేర్. 2013లో సీఎన్‌బీసీ సర్వేలో సగం మందిని ఒక పేరుతో, సగం మందిని రెండో పేరుతో అడిగారు. ఒబామాకేర్‌ను 46 శాతం వ్యతిరేకిస్తే, అఫర్డబుల్ కేర్ యాక్ట్‌ను వ్యతిరేకించింది 37 శాతమే. సమర్థించేవాళ్లు కూడా ఒబామాకేర్ అన్నప్పుడే పెరిగారు. చట్టం మాత్రం ఒక్కటే. అంతకంటే వింతది, 1970ల చివర్లో సిన్సినాటీలో పరిశోధకులు "1975 పబ్లిక్ అఫైర్స్ యాక్ట్" మీద అభిప్రాయం అడిగారు. అలాంటి చట్టమే లేదు. అయినా మూడోవంతు మంది జవాబు చెప్పారు. 1995లో వాషింగ్టన్ పోస్ట్ ఇదే లేని చట్టం మీద అడుగుతూ, దీన్ని రద్దు చేయాలని డెమోక్రాట్ అధ్యక్షుడు బిల్ క్లింటన్ అంటున్నారని కొందరికి, రిపబ్లికన్లు అంటున్నారని కొందరికి చెప్పింది. పేరు వినగానే అభిప్రాయం చెప్పేవాళ్లు పెరిగారు, జవాబులు పార్టీల వారీగా చీలాయి.

ఇక మీ రెండో ప్రశ్న, ఈ లెక్కల్ని నమ్మాలా?

మా సంస్థలో కొందరికి ఆరు నెలలకోసారి మళ్లీ ఫోన్ చేసేవాళ్లం. అలా నాకు గొంతు గుర్తుండిపోయిన ఒకాయన ఉన్నారు. ఎన్నికలకు ముందు "దేశం పరిస్థితి ఏం చెప్పమంటారమ్మా, బతకడమే కష్టంగా ఉంది" అన్నారు. ఎన్నికలయ్యాయి, ఆయన పార్టీ గెలిచింది. కొత్త ప్రభుత్వం ఇంకా ఏ పనీ మొదలుపెట్టలేదు. మళ్లీ ఫోన్ చేసి అదే ప్రశ్న అడిగితే, "ఫర్వాలేదమ్మా, గాడిలో పడుతోంది" అన్నారు. ఆ తర్వాతి ప్రశ్న ఆయన ఇంటి ఆదాయం గురించి. పోయినసారి ఏం చెప్పారో ఈసారీ అదే చెప్పారు. ఆయన అబద్ధమాడారని నేననుకోవడం లేదు. దేశం గురించి అడిగినప్పుడు ఆయనకు వినిపించింది "మీ వాళ్లు బాగున్నారా?" అన్న ప్రశ్న. దానికే జవాబు చెప్పారు.

జరిగిపోయిన విషయాల మీద కూడా ఇలాగే ఉంటుంది. రిపబ్లికన్ అధ్యక్షుడు రీగన్ ఎనిమిదేళ్ల పాలనలో అమెరికాలో ద్రవ్యోల్బణం 13 శాతం పైనుంచి 4 శాతం దగ్గరికి దిగింది. 1988 సర్వేలో మాత్రం గట్టి డెమోక్రాట్లలో సగం కంటే ఎక్కువమంది అది పెరిగిందన్నారు. లారీ బార్టెల్స్ అనే రాజనీతి శాస్త్రవేత్త దీన్ని ఎత్తిచూపారు. 1996లో తిరగబడింది. క్లింటన్ హయాంలో బడ్జెట్ లోటు సగానికి పైగా తగ్గినా, రిపబ్లికన్లలో ఎక్కువమంది పెరిగిందనే చెప్పారు.

వాళ్లు నిజంగా అలా నమ్ముతున్నారా, లేక తమ జట్టు కోసం అరుస్తున్నారా అన్న సందేహం పరిశోధకులకూ వచ్చింది. 2017లో ఒక సర్వేలో ట్రంప్, ఒబామా ప్రమాణ స్వీకారాల ఫొటోలు పక్కపక్కన పెట్టి, ఎందులో జనం ఎక్కువ ఉన్నారని అడిగారు. ఒబామా ఫొటోలో ఎక్కువ ఉన్నారని చూడగానే తెలుస్తుంది. ట్రంప్‌కు ఓటేసినవాళ్లలో 15 శాతం ట్రంప్ ఫొటోనే చూపించారు. ఆయన ప్రత్యర్థి హిల్లరీ క్లింటన్‌కు ఓటేసినవాళ్లలో అలా చెప్పింది 2 శాతం. వాళ్ల కళ్లకు ఏ లోపమూ లేదు. 2015లో వచ్చిన ఇంకో పరిశోధనలో సరైన జవాబు చెప్తే చిన్న మొత్తం ఇస్తామన్నారు, "తెలియదు" అని ఒప్పుకున్నా కొంత ఇస్తామన్నారు. వాస్తవాల మీద రెండు పార్టీల వాళ్ల జవాబుల మధ్య తేడా బాగా తగ్గిపోయింది. అంటే పార్టీల వారీ చీలికలో కొంత నిజమైన నమ్మకం, కొంత జెండా ఊపడం. పేపర్లో వచ్చే అంకె ఈ రెండింటినీ కలిపేసి చూపిస్తుంది.

అందుకే సర్వే చూసినప్పుడు నేను మొదట ప్రశ్న పూర్తి పాఠం వెతుకుతాను. అందులో నాయకుడి పేరు ఉందా? పార్టీ ప్రశ్న ముందు అడిగారా, చివర అడిగారా? ఒకసారి మా పైవాళ్లు తొందరలో "మీరు ఏ పార్టీ" అన్న ప్రశ్నను మొదటికి జరిపారు. ఆ రోజంతా నాకు ఫోన్లో వినిపించిన గొంతుల్లో బిగువు వేరు. నేను అభ్యంతరం చెప్పాను, ఎవరూ వినలేదు, ఆ సర్వే అలాగే బయటికి వెళ్లింది. నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. ప్రభుత్వం మీద కోపం వచ్చిన అభిమాని కొన్నాళ్లకు "నేను ఏ పార్టీ కాదు" అని చెప్పడం మొదలుపెడతాడు. అప్పుడు ఆ పార్టీ వరుసలో మిగిలేది గట్టివాళ్లే. అభిమానుల సంఖ్య తగ్గుతున్నా, "పార్టీ అభిమానుల్లో మద్దతు" అన్న శాతం చెక్కుచెదరనట్టు కనిపిస్తుంది.

అలాగని అంతా పార్టీయే అనుకోవద్దు. 2020 నవంబర్‌లో ఫ్లోరిడా ఓటర్లు ట్రంప్‌ను 51 శాతం ఓట్లతో గెలిపించారు. అదే రోజు, అదే బ్యాలెట్‌పై కనీస వేతనాన్ని దశలవారీగా గంటకు 15 డాలర్లకు పెంచే ప్రతిపాదనకు దాదాపు 61 శాతం ఓటేశారు. అది డెమోక్రాట్లు అడుగుతున్న పెంపే. కానీ ప్రతిపాదన పక్కన ఏ పార్టీ పేరూ లేదు. అదే ఏడాది ఆగస్టులో మిస్సౌరీలోనూ, రిపబ్లికన్ శాసనసభ ఒప్పుకోని మెడికెయిడ్ (పేదలకు ప్రభుత్వ ఆరోగ్య బీమా) విస్తరణను జనం నేరుగా ఓటేసి తెచ్చుకున్నారు. చేతికి జీతం ఎంత వస్తుంది, ఆసుపత్రిలో చూస్తారా లేదా అన్నంత దగ్గరికి విషయం వస్తే, పార్టీ పట్టు కొంత సడలుతుంది.

ఫోన్లోనూ ఇదే చూశాను. ఒక పెద్దావిడ పెన్షన్ విధానం గురించి పది నిమిషాలు తన పార్టీ మాటలే అప్పజెప్పింది. చివర్లో "మీకు ఈ నెల పెన్షన్ అందిందా అమ్మా?" అని ఒక ప్రశ్న ఉంది. ఆవిడ గొంతు మారిపోయింది. ఎన్నిసార్లు తిరిగిందో, ఏ కాగితం లేదన్నారో, ఎవరు సాయం చేశారో అన్నీ చెప్పింది. అందులో తన పార్టీకి పనికొచ్చే మాటలూ ఉన్నాయి, పనికిరానివీ ఉన్నాయి. మా ఫారంలో దానికి "అందింది / అందలేదు" అని రెండు గళ్లే ఉన్నాయి. మిగతాదంతా నేను పక్కన పెన్సిల్‌తో రాసుకున్నాను.

మీ నాన్నగారి విషయానికి వస్తే, మా బాబాయితో నేను చేసింది చెప్తాను. ఆ పథకం మంచిదా కాదా అని అడగడం మానేశాను. "బాబాయ్, దానివల్ల నీకేం మారింది? నీకు తెలిసినవాళ్లలో ఎవరికేం మారింది?" అని అడిగాను. అడిగాక మధ్యలో అడ్డు రాకుండా విన్నాను, అదే నాకు అన్నిటికంటే కష్టమైంది. ఆ తర్వాత నా రెండు కాగితాల సంగతి ఆయనకు చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "నేనూ ఒకటి అలా మార్చుకున్నానేమో" అని, ఏది మార్చుకున్నారో తానే చెప్పారు. ఓటు ఇప్పటికీ ఆ పార్టీకే వేస్తారు, నేను నా పార్టీకే వేస్తాను. ఆ రోజు మాత్రం రాత్రి పదకొండు దాకా కూర్చుని పథకం గురించే మాట్లాడుకున్నాం.